టీ6 వ్యాన్‌కి పాప్ టాప్: ముందువైపు లేచేదా, నిలువుగా లేచేదా?

గోదారిగట్టు
మూడు వారాలుగా కొటేషన్లు తిరగేసి తిరగేసి బుర్ర వేడెక్కిపోయింది. ఇక్కడ వ్యాన్లున్నవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి మిమ్మల్నే అడుగుతున్నాను.

మేం ఉండేది రెడింగ్‌లో. పోయిన నెల 2017 మోడల్ ఫోక్స్‌వ్యాగన్ టీ6 కొన్నాం, షార్ట్ వీల్‌బేస్, అంటే పొడవు తక్కువ రకం. కిటికీలు పెట్టించాను, ఇన్సులేషన్ నేనే వేసుకున్నాను. మిగిలింది పాప్ టాప్, అంటే బండి ఆపాక పైకి లేపుకునే రూఫ్, చుట్టూ గుడ్డ ఉంటుంది. లోపల ఎత్తు 1.4 మీటర్లే, మా బాబు తప్ప ఎవరూ నిటారుగా నిలబడలేరు. పాపకి పదేళ్లు, బాబుకి నాలుగు. మే నెలలో అమ్మానాన్న కాకినాడ నుంచి వస్తున్నారు. వాళ్లని ఈ వ్యాన్‌లోనే స్కాట్లాండ్ తీసుకెళ్లాలని నా ఆశ.

మూడు చోట్ల అడిగాను. మొదటి అతను ముందువైపు లేచే రూఫ్ 2,900 పౌండ్లకి వేస్తానన్నాడు. పొద్దున వ్యాన్ ఇస్తే సాయంత్రం తీసుకెళ్లొచ్చట. రెండో చోట అదే రకం, జర్మన్ రూఫ్, 4,300, రెండు రోజులు ఉంచుకుంటారు. మూడో చోట నాలుగు మూలలా సమానంగా నిలువుగా లేచేది, 4,700, కానీ నాలుగు నెలలు ఆగాలి. ఇది జనవరి, వాళ్లు వచ్చేది మే.

డబ్బు తేడా కన్నా తప్పు చేస్తానేమోనన్న టెన్షనే ఎక్కువగా ఉంది. ఒకసారి కోసిన రేకు మళ్లీ అతకదు కదా.

మిల్టన్‌కీన్స్_మూర్తి
ముందు రెండు ప్రశ్నలు. వ్యాన్ రోజూ ఎక్కడ పెడతారు, ఇంటి ముందా, మల్టీస్టోరీ కార్ పార్క్‌లోనా? సీట్లు ఎన్ని?

గోదారిగట్టు
ఇంటి ముందే పెడతాను మూర్తిగారూ, ఆఫీసుకి రైల్లో వెళ్తాను. ముందు మూడు, వెనక మూడు, మొత్తం ఆరు సీట్లు. వెనకది మడిస్తే పరుపు అవుతుంది.

మిల్టన్‌కీన్స్_మూర్తి
మల్టీస్టోరీ అవసరం లేదంటే సగం గొడవ పోయినట్టే. టీ6 ఉన్నదున్నట్టుగానే దాదాపు 2 మీటర్ల ఎత్తు. ఏ పాప్ టాప్ పెట్టినా మూసినప్పుడు కూడా ఇంకొంచెం పెరుగుతుంది. ఇక్కడ కార్ పార్కుల ముందు ఎత్తు బళ్లని ఆపే బారియర్లు ఒక్కోచోట ఒక్కో ఎత్తు, 1.9 ఉన్నవీ ఉన్నాయి, 2.1 ఉన్నవీ ఉన్నాయి. ప్రతి కొటేషన్‌లో "మూసినప్పుడు నేల నుంచి ఎంత ఎత్తు" అన్నది అంకెల్లో రాయించుకోండి. ఆ అంకె చీటీ మీద రాసి స్టీరింగ్ పైన అంటించుకోండి. హీత్రూకి అమ్మానాన్నని తీసుకురావడానికి ఇదే వ్యాన్ అయితే అక్కడి కార్ పార్క్ బోర్డు కూడా ముందే చూసుకోండి.

ఇంకో మాట. సీట్లు ఆరు, మరి పడకలు? కింద ఇద్దరు, పైన ఇద్దరు. మీరు ఆరుగురు.

గోదారిగట్టు
పిల్లలిద్దరూ పైన, అమ్మానాన్న కింద, మేమిద్దరం డేరాలో అనుకున్నాం.

స్లౌ_సుజాత
నాలుగేళ్ల బాబుని పైన పడుకోబెట్టకండి. బంక్ బెడ్ల విషయంలోనే ఇక్కడ ఆరేళ్ల లోపు పిల్లలకి పై పడక వద్దంటారు. వ్యాన్‌లో పక్కన ఉండేది గోడ కాదు, గుడ్డ. నిద్రలో దొర్లితే గుడ్డకి ఆనుకుంటాడు, లేదా దిగే ఖాళీలోంచి ముందు సీట్ల మీద పడతాడు. మా చిన్నదానికి ఏడు నిండేదాకా నా పక్కనే.

గోదారిగట్టు
అది నాకు తట్టనే లేదు సుజాతగారూ. అయితే పాప, వాళ్లమ్మ పైన. నేనూ బాబూ డేరాలో.

వ్యాన్‌వాసి
రూఫ్ బొమ్మలు చూసి ఎంచుకోకండి, లోపల ఎవరు నిలబడతారో చూసి ఎంచుకోండి. నేను రెండు రకాలూ వాడాను కాబట్టి వివరంగా చెబుతాను.

ముందువైపు లేచేదానికి కీలు వెనక ఉంటుంది. పక్కనుంచి చూస్తే మూత తెరిచిన ట్రంకుపెట్టెలా ఉంటుంది. ముందు సీట్ల దగ్గర బోలెడంత ఎత్తు, వెనక్కి వెళ్లేకొద్దీ తగ్గిపోతుంది. నిలువుగా లేచేది పందిరిలాంటిది, ఈ కొస నుంచి ఆ కొసదాకా ఒకే ఎత్తు. పైన పడుకుంటే కూడా కాళ్ల దగ్గర ఇరుకనిపించదు.

నా మొదటి వ్యాన్‌కి ట్రంకుపెట్టె రకమే. మా అమ్మ వచ్చినప్పుడు వేల్స్ తీసుకెళ్లాను. ఆవిడ 5 అడుగుల 4 అంగుళాలు, మోకాళ్ల నొప్పులు. పొద్దున్నే చీర కట్టుకోవాలంటే ఆవిడకి నిటారుగా నిలబడే చోటు కావాలి. ఆ చోటు స్లైడింగ్ తలుపు పక్కన, ముందు సీటు వెనక, రెండడుగుల మేర. అక్కడ నిలబడి కుచ్చిళ్లు పెట్టుకుంటుంటే వెనక నుంచి కొంగు పొయ్యిగట్టుకి పట్టేది. పరుపు మీంచి ఆ చోటికి రావాలంటే నడుం వంచి, బీరువా అంచు పట్టుకుని రెండడుగులు వేసేది. మూడో రోజు "నాయనా, నేను కారవాన్ సైట్ బాత్రూంలోనే కట్టుకుంటాలే" అంది. నాకు అన్నం దిగలేదు ఆ పూట. తర్వాతి వ్యాన్‌కి నిలువుగా లేచేదే వేయించాను.

ఇంకో సంగతి ఎవరూ చెప్పరు. పై పరుపు పలక దించగానే కింద ఎత్తు మొత్తం పోతుంది. రూఫ్ ఏ రకమైనా సరే. రాత్రి పైన మనుషులు పడుకున్నాక కింద మళ్లీ ఆ 1.4 మీటర్లే, ఇంకాస్త తక్కువే. మీ నాన్నగారు రాత్రి లేవాలంటే వంగే లేవాలి. కాబట్టి ఆ ఎత్తంతా పగటి సుఖమే అని గుర్తుపెట్టుకోండి.

చలిపులి
వ్యాన్‌వాసి గారి అమ్మగారి సంగతి చదివి మనసు కదిలింది, కానీ నిలువుగా లేచేది అందరికీ సరిపోదు. నేను గ్లాస్గోలో ఉంటాను. నాలుగు పక్కలా నిలువెత్తు గుడ్డ అంటే నాలుగు పక్కలా గాలి. గ్లెన్‌కోలో ఒక అక్టోబరు రాత్రి మా ఫ్రెండ్ నిలువు రూఫ్‌లో పడుకున్నాం. గుడ్డ కొట్టుకునే చప్పుడుకి ఒక్క క్షణం కన్ను మూతపడలేదు. అర్ధరాత్రి దాటాక రూఫ్ దించేసి నలుగురం కింద సర్దుకున్నాం.

ట్రంకుపెట్టె రకంలో అయితే వ్యాన్ వెనక భాగాన్ని గాలివైపు తిప్పి పెట్టుకుంటే చాలు. పల్లంగా ఉన్న వైపు గాలి పైకి జారిపోతుంది. గోదారిగట్టు స్కాట్లాండ్ వెళ్తానంటున్నారు. అక్కడ మే నెలలో కూడా రాత్రిళ్లు చలే.

వ్యాన్‌వాసి
గాలి విషయం ఒప్పుకుంటాను. కానీ పెనుగాలి వస్తే ఏ రకమైనా దించాల్సిందే కదా. ఏడాదికి రెండు రాత్రుల గాలి కోసం మిగతా రోజులన్నీ నడుం వంచుకుని తిరగాలా?

చలిపులి
మీ ఇంగ్లండ్‌లో రెండు రాత్రులు. మా దగ్గర నెలకి రెండు రాత్రులు :)

బెజవాడ_బాబి
నేను విజయవాడ నుంచి చదువుతున్నాను. ట్రంకుపెట్టె, పందిరి... ఇది చదువుతుంటే పెళ్లి సామాను లిస్టులా ఉంది, మజాగా ఉంది. ఒక డౌట్. ఇక్కడ మన దగ్గర టెంపో ట్రావెలర్ కొని రూఫ్ కోయించి ఇలా చేయించుకోవచ్చా?

ఇనుపరజను
బాబీ, అక్కడ తొందరపడకు. మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 52. ఆర్సీలో రాసినదానికి, తయారీదారు ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. రూఫ్ కోయడం అంటే బాడీ నిర్మాణాన్నే మార్చడం. కారవాన్‌గా ఆమోదం తీసుకుని కట్టే బిల్డర్లు ఉన్నారు, వాళ్ల దగ్గర కొనుక్కోవడమే దారి.

బెజవాడ_బాబి
థాంక్స్ అన్నా. మా బావ గ్యారేజీలో గ్రైండర్ బయటికి తీశాడు, లోపల పెట్టించేస్తాను.

ఇనుపరజను
గోదారిగట్టు గారూ, ఇక మీ విషయం. నేను కవెంట్రీలో వాహనాల బాడీ నిర్మాణంలో పని చేస్తాను. రూఫ్ ఏ వైపు లేస్తుందన్నది నాకు రెండో ప్రశ్న. మొదటిది, కోసిన తర్వాత ఏం పెడతారు?

వ్యాన్ రూఫ్ అంటే వాన పడకుండా కప్పిన రేకు మాత్రమే కాదు. ఎడమ నుంచి కుడికి అడ్డంగా దూలాలు ఉంటాయి. మన పెంకుటిల్లుకి వాసాలెలాగో అలాగ. పాప్ టాప్ కోసం పెద్ద దీర్ఘచతురస్రం కోసినప్పుడు ఆ దూలాలు పోతాయి. పోయిన బలాన్ని తిరిగి ఇవ్వడానికి కోసిన అంచు చుట్టూ ఉక్కు ఫ్రేమ్ బిగిస్తారు, పాలీయురేథేన్ జిగురుతో అతికి, బోల్టులు కూడా వేసి. ఈ ఫ్రేమ్ మీ మోడల్ కోసం, షార్ట్ వీల్‌బేస్ కోసం చేసిందై ఉండాలి. పరీక్ష చేయించిన సర్టిఫికెట్ చూపించమనండి. జర్మన్ రూఫ్‌లకి టీయూవీ అనే తనిఖీ సంస్థ కాగితం ఉంటుంది. కాగితం రూఫ్‌కి ఉందా, రూఫ్ వేసిన వ్యాన్‌కి ఉందా అని అడగండి. రెండూ ఒకటి కావు.

తర్వాత కోత. రంపం నడుస్తుంటే వేడి వేడి ఇనుపరజను వ్యాన్ అంతా చెదురుతుంది (నా పేరు అక్కడి నుంచే వచ్చింది). అది పెయింట్ మీద పడితే ఒక్క వానకి ఎర్రటి చుక్కలు లేస్తాయి. మంచి ఫిట్టర్ బండి మొత్తం కప్పి, కోశాక మూలమూలలా వాక్యూమ్ పెడతాడు. కోసిన అంచుని ఆకురాయితో నున్నగా చేసి, జింక్ ప్రైమర్ వేసి, ఆరనిచ్చి, అప్పుడు జిగురు వేస్తాడు. రూఫ్ కూర్చున్నాక ఆ అంచు ఎవరికీ కనిపించదు. కనిపించదు కాబట్టే ఎగ్గొట్టేవాళ్లు ఎగ్గొడతారు. కోసిన అంచుకి ప్రైమర్ వేశాక, ఫ్రేమ్ పెట్టకముందు ఫోటోలు తీసి పంపమని ముందే చెప్పండి. పంపుతానన్నవాడికే ఇవ్వండి.

జిగురు విషయం. పాలీయురేథేన్ గాలిలోని తేమతో గట్టిపడుతుంది, చలిలో నెమ్మదిస్తుంది. జనవరిలో, హీటింగ్ లేని షెడ్డులో, పొద్దున ఇచ్చి సాయంత్రం తీసుకెళ్లమనే మాట నాకు నచ్చలేదు. కనీసం ఒక రాత్రయినా కదపకుండా ఉంచాలి. మీ బండిలో కర్టెన్ ఎయిర్‌బ్యాగులు గనక ఉంటే అది కూడా ముందే చెప్పండి, అవి రూఫ్ అంచు వెంబడే ఉంటాయి.

తడిదుప్పటి
ఇనుపరజను గారు చెప్పిన ప్రతి ముక్కా నాకు జరిగింది. చవకగా వచ్చిందని నేనూ ఒక రోజు ఫిట్టర్‌కే ఇచ్చాను, పేరు చెప్పను. మొదటి ఆరు నెలలు అద్భుతం. తర్వాత ఒక రాత్రి పీక్ డిస్ట్రిక్ట్‌లో మా ఆవిడ లేపి "దుప్పటి తడిగా ఉంది" అంది. ఊపిరి తేమ అనుకున్నాను. ఇంటికొచ్చాక రూఫ్ మూసి హోస్‌తో నీళ్లు కొడితే వెనక కుడి మూల నుంచి బొట్టు బొట్టుగా కారుతోంది. లోపల పైగుడ్డ విప్పి చూస్తే అంచు పొడవునా ప్రైమర్ అనేదే లేదు. ఉత్త రేకు మీద జిగురు. రేకు బెల్లం పాకంలా ఎర్రబడిపోయింది, గోరు పెడితే పొర లేచింది.

మళ్లీ విప్పి, తుప్పు గీకి, ప్రైమర్ వేసి, తిరిగి అతకడానికి వేరే చోట 1,600 పౌండ్లు అయింది. మొదట మిగిలింది అంతకన్నా తక్కువే. ఆ ఫిట్టర్ ఫోన్ ఎత్తడం మానేశాడు. నేను కోపంతో రాయట్లేదు. మీ పిల్లలు పడుకునే చోటు అది, అందుకే రాస్తున్నాను.

గోదారిగట్టు
మొదటి కొటేషన్ చింపేశాను. నిజంగానే.

ఇంత రిస్కు ఎందుకు, ఉన్న వ్యాన్ అమ్మేసి, ఫోక్స్‌వ్యాగన్ వాళ్లే ఫ్యాక్టరీలో పాప్ టాప్‌తో కట్టే కాలిఫోర్నియా వ్యానే కొంటే పోదా అంటోంది మా ఆవిడ.

మిల్టన్‌కీన్స్_మూర్తి
కాలిఫోర్నియా బాగుంటుంది, కాదనను. అల్యూమినియం రూఫ్, పై మోడళ్లలో బటన్ నొక్కితే హైడ్రాలిక్ మోటారు మీద లేస్తుంది, కంపెనీ వాళ్లే కట్టింది కాబట్టి కోత భయం లేదు. కానీ సెకండ్ హ్యాండ్‌లో కూడా ధర చూస్తే కళ్లు తిరుగుతాయి. పైగా అందులో మీకు నలుగురికి పడక, సీట్లు సాధారణంగా నాలుగైదు. ఆరుగురు కూర్చోవాలంటే ఉన్న వ్యానే నయం.

రెండోగేరు
తక్కువ ధరలో ఫ్యాక్టరీ రూఫ్ కావాలంటే మాజ్దా బోంగో ఫ్రెండీ కూడా ఉంది, జపాన్ నుంచి దిగుమతి చేసుకునేవారు. 1995 నుంచి 2005 దాకా చేశారు. ఆటో ఫ్రీ టాప్ అని దాని రూఫ్ అప్పట్లోనే కరెంటు మోటారు మీద లేచేది. మాకు ఉండేది. పిల్లలు దాన్ని పైకి కిందికి ఆడించి ఆడించి బ్యాటరీ దింపేసేవాళ్లు. ఇప్పుడు దొరికేవన్నీ పాతవి, కింద తుప్పు చూసుకోవాలి.

పక్కకి లేచే రకం గురించి ఎవరూ రాయలేదు. పాత డార్మొబైల్ రూఫ్‌లు అలాగే ఉండేవి. కెంట్‌లో ఫోక్‌స్టన్ ఊళ్లో మార్టిన్ వాల్టర్ కంపెనీ వాళ్లు చేసినవి. ఎర్రటి, తెల్లటి చారల గుడ్డ, ఒక పక్కకి తెరుచుకుంటుంది. మా పక్కింటి పెద్దాయన దగ్గర ఒకటి ఉంది. ఆదివారం ఆయన అది తెరిచి టీ పెట్టుకుంటే చారల గుడ్డలోంచి వెలుగు పడి లోపలంతా లేత గులాబీ రంగులోకి మారుతుంది. చూసి తీరాలి.

స్లౌ_సుజాత
వంట గురించి ఒక్కరూ మాట్లాడలేదు, అందరూ బయటే తింటారా ఏంటి :)

ముందువైపు లేచే రూఫ్‌లో పొయ్యి ఎత్తు భాగం కింద పడితే మంచిది. ఆవిరికి పోవడానికి చోటు ఉంటుంది. కానీ గుడ్డ కింద పోపు పెట్టకండి. నేను మొదటి ట్రిప్‌లో ఇంగువ పోపు పెట్టి పప్పు చేశాను. మూడు నెలల తర్వాత కూడా రూఫ్ ఎత్తగానే ఇంగువ వాసన. గుడ్డ వాసన పీల్చుకుంటే వదలదు, ఊరికే ఉతకడానికి విప్పలేం. ఇప్పుడు పోపు, వేపుడు డేరాలోనే. లోపల రైస్ కుక్కర్, టీ, అంతే.

కుక్కర్, కెటిల్ ఒకేసారి పెట్టకండి. చాలా క్యాంపు సైట్లలో 10 ఆంప్స్ కరెంటు ఇస్తారు, కొన్నిట్లో 16. రెండూ కలిపి పెడితే ట్రిప్ అయిపోతుంది, చీకట్లో వార్డెన్‌ని వెతుక్కోవాలి.

అన్నిటికన్నా ముఖ్యం, కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టించుకోండి. చలి వేస్తోందని గ్యాస్ పొయ్యి వెలిగించి పడుకోకండి, ఒక్క నిమిషం కూడా.

చలిపులి
సుజాతగారి చివరి పేరా ప్రతి వ్యాన్‌లోనూ రాసి పెట్టాలి.

చలి కోసం అయితే రూఫ్ మీద బయటి నుంచి తొడిగే థర్మల్ కవర్ దొరుకుతుంది. లోపల తెర కట్టడం కన్నా అది మేలు, గుడ్డ చల్లబడదు కాబట్టి తేమ తక్కువ పడుతుంది. కొటేషన్‌లో రూఫ్‌కి సరిపోయే కవర్ దొరుకుతుందా అని అడగండి. బాగా అమ్ముడయ్యే రూఫ్‌లకైతే సులువుగా దొరుకుతాయి.

గోదారిగట్టు
సోలార్ ప్యానెల్, సైకిళ్లు పైన పెట్టొచ్చా?

ఇనుపరజను
పల్చటి, వంగే సోలార్ ప్యానెల్ అయితే పెట్టొచ్చు, బరువు తక్కువ. రూఫ్‌ని పైకి లేపేది గ్యాస్ స్ట్రట్లు, అంటే గ్యాస్ నింపిన గొట్టాల్లాంటి ఊతలు. బరువు పెరిగితే లేపడం కష్టం, లేచినా మెల్లగా కిందికి దిగుతుంది. చలికాలంలో స్ట్రట్ల బలం ఇంకా తగ్గుతుంది. సైకిళ్లు వెనక టెయిల్‌గేట్ స్టాండ్ మీద పెట్టండి. ప్యానెల్ పెట్టే ఉద్దేశం ఉంటే ఇప్పుడే చెప్పండి, వాళ్లు తగిన స్ట్రట్లు వేస్తారు.

రెండోగేరు
ఇన్సూరెన్స్ వాళ్లకి కోతకి ముందే చెప్పండి. రూఫ్ మార్చడం అంటే మాడిఫికేషన్. తర్వాత చెబుదాంలే అనుకుంటే క్లెయిమ్ రోజున ఏడుపే. డీవీఎల్ఏ (మన ఆర్టీఏ లాంటిది) కాగితంలో కూడా మోటార్ కారవాన్ అని మార్పించేయండి, పాప్ టాప్ ఉంది కాబట్టి ఇస్తారు.

మిల్టన్‌కీన్స్_మూర్తి
రెండోగేరు గారూ, మొదటిది నూటికి నూరుపాళ్లు కరెక్ట్. రెండోది కాదు. డీవీఎల్ఏ బయటి రూపం చూస్తుంది. పక్కన రెండు కిటికీలు, విడి తలుపు, పందిరి గుడ్డ తగిలించే ఆనింగ్ రైలు, రెండు వైపులా కారవాన్ తరహా గ్రాఫిక్స్, ఎప్పుడూ ఎత్తుగానే ఉండే హై టాప్ రూఫ్. ఆ జాబితాలో హై టాప్ పక్కనే "పాప్ టాప్ లెక్కలోకి రాదు" అని రాసి ఉంది. నాది రెండుసార్లు తిప్పి పంపారు. ఇప్పటికీ నా వీ5సీలో (ఇక్కడి ఆర్సీ) "వ్యాన్ విత్ సైడ్ విండోస్" అనే ఉంది.

రెండోగేరు
నాది 2016లో మార్చారు మూర్తిగారూ, ఆ అనుభవంతో అన్నాను. ఇప్పుడు బిగించారన్నమాట. అయితే స్పీడ్ లిమిట్? వ్యాన్‌కి సింగిల్ రోడ్ల మీద గంటకి 50 మైళ్లు, మధ్యలో డివైడర్ ఉన్న డ్యుయల్ క్యారేజ్‌వేల మీద 60. మోటార్ కారవాన్‌కి కారులాగే 60, 70.

మిల్టన్‌కీన్స్_మూర్తి
లోపల పడక, పొయ్యి స్థిరంగా బిగించి ఉంటే కాగితంలో ఏమున్నా అది కారవానే అని వాదించేవాళ్లు ఉన్నారు. రోడ్డు పక్కన పోలీసుతో ఆ వాదన పెట్టుకునే ఓపిక నాకు లేదు. నేను వ్యాన్ లిమిట్‌లోనే వెళ్తాను. పైన గుడ్డ, లోపల పిల్లలు, తొందరేముంది.

వ్యాన్‌వాసి
గోదారిగట్టు గారూ, ఫిబ్రవరిలో బర్మింగ్‌హామ్ ఎన్ఈసీ ఎగ్జిబిషన్ సెంటర్‌లో కారవాన్, మోటార్‌హోమ్ షో ఉంటుంది. రెండు రకాలూ ఒకే కప్పు కింద దొరుకుతాయి. టేపు తీసుకెళ్లండి. మీ అమ్మగారి ఎత్తు, నాన్నగారి ఎత్తు రాసుకుని వెళ్లండి.

గోదారిగట్టు
వెళ్లొచ్చాను. వ్యాన్‌వాసి గారూ, మీ సలహా పాటించి మీ మాటకి ఎదురు నిర్ణయం తీసుకున్నాను, కోప్పడకండి.

వెళ్లేముందు అమ్మకి వీడియో కాల్ చేసి గోడకి నిలబడమన్నాను. నాన్నే ఆవిడ తల మీద స్కేలు పెట్టి పెన్సిల్‌తో గీత గీశాడు. అమ్మ 4 అడుగుల 11, నాన్న 5 అడుగుల 6. షోలో ముందువైపు లేచే రూఫ్ ఉన్న టీ6 ఎక్కి, అమ్మ ఎత్తుకి టేపు లాగి పట్టుకుని ముందు నుంచి వెనక్కి నడిచాను. పరుపు దగ్గరిదాకా ఎక్కడా గుడ్డకి తగల్లేదు! నాకు 5 అడుగుల 10 కాబట్టి నేనే రెండడుగుల చోట నిలబడాలి. వంగాల్సింది నేను, అమ్మ కాదు. నాన్నకి కూడా పొయ్యి పక్కన దాకా సరిపోతుంది.

రెండో ఫిట్టర్‌కి ఇచ్చాను, 4,300ది. ఫోటోలు అడిగితే "అడక్కపోయినా పంపుతాం" అని పాత బండి ఫోటోలు పన్నెండు చూపించారు. రాత్రికి హీటింగ్ ఉన్న షెడ్డులో ఉంచుతారట. ఇన్సూరెన్స్‌కి ముందే ఫోన్ చేశాను. మార్చి రెండో వారం డేట్.

వ్యాన్‌వాసి
కోపమెందుకండీ, ఇదే కావాలి. మా అమ్మ మీ అమ్మగారికన్నా ఐదు అంగుళాలు పొడవు, తేడా అక్కడే వచ్చింది.

తడిదుప్పటి
హీటింగ్ షెడ్డు అన్న మాట చదివి హాయిగా అనిపించింది. తీసుకునే రోజు హోస్ టెస్ట్ మీ ముందే చేయించండి, నాలుగు మూలలా. వెనక కుడి మూల ఇంకో ఐదు నిమిషాలు ఎక్కువ, నా కోసం.

గోదారిగట్టు
మే 19. న్యూ ఫారెస్ట్ నుంచి రాస్తున్నాను, మొదటి రాత్రి గడిచింది. వెనక కుడి మూల పొడిగా ఉంది తడిదుప్పటి గారూ.

నిన్న సాయంత్రం రూఫ్ లేపుతుంటే నాన్న పక్కన నిలబడి స్ట్రట్లు ఎలా పనిచేస్తాయో ఫిట్టర్‌లాగా అడిగాడు. అమ్మ లోపలికి ఎక్కి, చెయ్యి పైకెత్తి గుడ్డని తాకడానికి చూసింది, అందలేదు. "ఇదేంట్రా, మన ఇంట్లో అటకకన్నా ఎత్తుగా ఉంది" అంది. తర్వాత అక్కడే నిలబడి, చీర మార్చుకుని, దువ్వెన తీసి తీరిగ్గా జడ వేసుకుంది. మా ఆవిడ, పాప పైన ముందు జిప్పు తీసి గుర్రాలు చూశారు. బాబు నా పక్కన డేరాలో నిద్రపోయాడు.

ఇప్పుడు పొద్దున్నే చిన్న సమస్య. దించుతుంటే గుడ్డ బయటికి బుడగలా ఉబ్బుతోంది, ఒక మూల నలిగి అంచులో ఇరుక్కుంది. రాత్రి మంచుకి తడిగా కూడా ఉంది. లాగాలా, ఏం చేయాలి?

స్లౌ_సుజాత
లాగకండి! మళ్లీ పూర్తిగా పైకి లేపండి. స్లైడింగ్ తలుపు తెరవండి, లోపలి గాలికి దారి లేకే గుడ్డ ఉబ్బుతోంది. ఎలాస్టిక్ తాడు గుడ్డ నడుం చుట్టూ లోపలివైపుకి లాగుతోందో లేదో చూడండి. అప్పుడు ఒకరు లోపల నుంచి దించుతుంటే ఇంకొకరు బయట నుంచి చుట్టూ తిరుగుతూ చేత్తో లోపలికి నెట్టాలి. తడిగా మూసినా ఇంటికెళ్లిన రోజే లేపి ఆరబెట్టాలి, లేకపోతే వారంలో బూజు.

గోదారిగట్టు
తలుపు తెరిచాను, ఒక్కసారే లోపలికి వెళ్లిపోయింది. నాన్నే బయట చుట్టూ తిరిగి నెట్టాడు. రేపు రెడింగ్‌లో ఎండ ఉందట, ఇంటికెళ్లగానే లేపి ఆరేస్తాను.